చైనా వీధుల్లో దీపపు బొమ్మలు



మాఘ పౌర్ణమి నాడు మన పల్లెల్లో ఎవరి హడావుడి వాళ్లది. కొందరు తెల్లవారుజామునే నదీస్నానానికి బయలుదేరతారు, కొందరు జాతరకు బండి కడతారు. చాలా ఏళ్లలో సరిగ్గా అదే రాత్రి చైనాలో ఊరూరా జనం పిల్లల్ని భుజాన ఎక్కించుకుని వీధిలోకి వస్తారు, దీపాలు చూడటానికి. ఇందులో పెద్ద వింతేమీ లేదు. వాళ్లూ మనలాగే చంద్రుణ్ణి చూసి నెల లెక్క కట్టే జనం. అమావాస్యతో ఒక నెల పోయి మరో నెల వస్తుంది. తెలుగు, కన్నడ, మరాఠీ పంచాంగాలదీ ఇదే పద్ధతి. ఒరియా వారి నెల లెక్క వేరైనా పౌర్ణమి ఎవరికైనా పౌర్ణమే కదా. చైనా వారి సంవత్సరంలో మొదటి నెల, పదిహేనో రాత్రి దీపాల పండుగ. 2024లో ఫిబ్రవరి 24న, 2025లో ఫిబ్రవరి 12న మన మాఘ పౌర్ణమీ, వాళ్ల పండుగా ఒకే రోజున కలిశాయి. అధిక మాసాల తేడా వల్ల ఒక్కో ఏడు అది ఫాల్గుణ పౌర్ణమికి, అంటే హోళీ నాటికి జరుగుతుంది. 2026 మార్చి 3 అలాంటిదే.

దీపాల పండుగ అనగానే మీకు దీపావళి ప్రమిదలు గుర్తొస్తాయి. చైనా వారి పదిహేనో రాత్రి చూడవలసినవి బొమ్మలు. ఇనుప తీగతోనో వెదురుబద్దతోనో చట్రం కట్టి, దానికి పట్టుగుడ్డ అతికించి, రంగులు వేసి, లోపల దీపం పెడతారు. అది చేప కావచ్చు, కుందేలు కావచ్చు, వీధి ఈ చివర తల పెట్టి ఆ చివర తోక ఆడించే డ్రాగన్ కావచ్చు. ఆ డ్రాగన్ నోట్లోంచి దూరి పిల్లలు కడుపులోంచి బయటికి వస్తారు. భోజనం పళ్లాలు, టీ కప్పులు, పింగాణీ గరిటెలు వేలకొద్దీ దారంతో కట్టి పొలుసులుగా పేర్చిన డ్రాగన్లు కూడా ఉన్నాయి. గాలి వీస్తే అవి గలగలమంటాయి. గణపతి పందిళ్ల దగ్గర, జాతరల్లో సీరియల్ బల్బుల సెట్టింగు చూసిన మీకు ఈ సరదా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ సరదా వెనక పద్నాలుగు వందల ఏళ్లకు తక్కువ కాని చరిత్ర ఉంది. ఆ చరిత్ర మొదట్లో మనకు కనిపించేది దీపం కాదు, తాళం.

టాంగ్ వంశపు చక్రవర్తుల కాలంలో, ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం మొదటి దాకా, చైనా రాజధాని చాంగాన్. ఇప్పటి షియాన్ నగరం ఉన్న చోటే అది ఉండేది. ప్రపంచంలో అంత పెద్ద నగరం అప్పట్లో అరుదు. గళ్లనుడికట్టు గీసినట్టు తిన్నని వీధులు, వాటి మధ్య చుట్టూ గోడలు కట్టిన పేటలు. పొద్దు గుంకగానే నగారా మోగేది. ఆ మోత ఆగేలోగా ఎవరి పేటకు వాళ్లు చేరాలి. తలుపులు మూసేవారు. ఆ తర్వాత పెద్ద వీధిలో కనబడితే ఇరవై బెత్తం దెబ్బలని చట్టంలోనే రాసి ఉంది. మంత్రసానిని పిలవడానికో, వైద్యుడి కోసమో వెళ్లాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఏడాది పొడుగునా అంతే. మొదటి నెల పద్నాలుగు, పదిహేను, పదహారు, ఈ మూడు రాత్రులు మాత్రం నగారా మోగదు, తలుపు మూయరు. తెల్లవార్లూ వీధి జనానిది.

ఏడాదంతా రాత్రిపూట తన ఊరి రాజవీధిని చూడని మనిషికి ఆ మూడు రాత్రులు ఏమనిపించి ఉంటుందో ఒక్క క్షణం ఊహించండి. దీపపు బొమ్మ అక్కడ పుట్టింది. చీకటి పడ్డాక వీధిలోకి అడుగుపెట్టే హక్కు వచ్చిన రాత్రి, ఆ వీధిలో చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇది అధికారులందరికీ నచ్చలేదు. నిజానికి టాంగ్ వారి కంటే ముందే, ఆరో శతాబ్దం చివర, సుయి వంశపు చక్రవర్తికి లియు యూ అనే అధికారి ఒక అర్జీ పెట్టాడు. మొదటి నెల పున్నమికి జనం వీధులకు అడ్డం పడి నగారాలు వాయిస్తున్నారు, దివిటీలతో భూమిని వెలిగిస్తున్నారు, జంతువుల ముఖాలు తగిలించుకుంటున్నారు, మగవాళ్లు ఆడవేషాలు వేస్తున్నారు, ఆడా మగా కలిసి తిరుగుతున్నారు, ఉన్న డబ్బంతా పోటీలు పడి తగలేస్తున్నారు, దీన్ని ఆపించండి అని. చక్రవర్తి సరేనన్నాడు. ఆ నిషేధం నిలవలేదు. చిత్రమేమిటంటే, ఆ కాలపు పండుగ ఎలా ఉండేదో మనకు ఇంత కళ్లకు కట్టినట్టు చెప్పినవాడు దాన్ని ఆపమన్న ఈ పెద్దమనిషే. చరిత్రలో చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. ఆనందించినవాళ్లు రాయరు, చిరాకుపడ్డవాడు కూర్చుని రాస్తాడు.

ఆయన కొడుకు కాలానికే కథ తారుమారైంది. 610లో సుయి వంశపు రెండో చక్రవర్తి, లోయాంగ్ నగరంలో విదేశీ అతిథులకు చూపించాలని, వీధిలో నెల్లాళ్ల పాటు ఆటపాటలు పెట్టించాడు. వాయిద్యగాళ్లే పద్దెనిమిది వేల మంది అని రాశారు.

ఇక 713. పదవి దిగిన టాంగ్ చక్రవర్తి రుయిజోంగ్ కు పడమటి దేశాల నుంచి వచ్చిన ఒక బౌద్ధ భిక్షువు ఒక కోరిక చెప్పాడు. రాత్రి కోట తలుపులు తెరిపించి లక్ష దీపాలు వెలిగించమన్నాడు. బుద్ధుడికి దీపదానం పుణ్యమని భిక్షువు ఉద్దేశం. చక్రవర్తి మురిసి ఒప్పుకున్నాడు. అప్పుడు అన్‌ఫు ద్వారం బయట ఒక దీపాల చక్రం నిలబెట్టారు. ఎత్తు ఇరవై జాంగులు, అంటే రమారమి రెండు వందల అడుగులు. పట్టుబట్టలు చుట్టి, బంగారం వెండి తాపడం చేసి, యాభై వేల దీపాలు పెట్టారట. దూరానికి పూలు విరగబూసిన చెట్టులా కనిపించిందట. దాని కింద వెయ్యిమందికి పైగా స్త్రీలు మూడు రాత్రులూ పాడారు, ఆడారు. రాసినవాడు ఝాంగ్ జువో అనే ఆ కాలపు రచయిత. కొంచెం పెంచి రాసి ఉండవచ్చు. సగం కొట్టేసినా అది సామాన్యమైన బొమ్మ కాదు.

దీనికీ ఒకాయన అభ్యంతరం చెప్పాడు. యాన్ తింగ్‌జి అనే అధికారి, జనం శ్రమను ఇలా వృథా చేయరాదని నిర్మొహమాటంగా రాశాడు. శ్రోతలారా, నేను ఇద్దరి పక్షమూ ఆలోచించాను. పట్టుబట్ట నేసినవాడి కష్టం, నూనె ఆడించినవాడి కష్టం యాన్ తింగ్‌జి కళ్ల ముందు ఉన్నాయి. ఆయన మాట తప్పనలేం. కానీ నేసినవాడూ, గానుగవాడూ ఆ రాత్రి ఆ చక్రం కిందే ఉండి ఉంటారు కదా.

చాంగాన్ వైభవం పోయింది. ఆ తర్వాత సోంగ్ వంశం వచ్చింది, రాజధాని కైఫెంగ్ అయింది. ఇక్కడ పేటలకు గోడలు లేవు, రాత్రి బజార్లు సాగేవి. తాళం పోయాక పండుగ తగ్గాలి, కానీ ఇంకా పెరిగింది. కైఫెంగ్ గురించి మనకు చెప్పినవాడు మెంగ్ యువాన్‌లావ్. ఈయన రాజూ కాదు, పెద్ద కవీ కాదు. కుర్రతనంలో తండ్రి వెంట కైఫెంగ్ చేరి అక్కడే పెరిగినవాడు. 1127లో ఉత్తరపు జుర్చెన్ సేనలు నగరాన్ని పట్టుకున్నాయి. లక్షలాది మందితో పాటు మెంగ్ కూడా దక్షిణాదికి పారిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1147లో, పరాయి ఊళ్లో కూర్చుని, తను పెరిగిన ఊరిని వీధి వీధిగా, అంగడి అంగడిగా రాసిపెట్టాడు. ఏ సందులో ఏ తినుబండారం అమ్మేవారో కూడా వదలలేదు. కన్న ఊరు వదిలి మరో చోట బతికిన పెద్దవాళ్ల దగ్గర మీరు ఇలాంటి మాటలు వినే ఉంటారు. వాళ్లకు ఊరి జనాభా గుర్తుండదు, ఊరి చింతచెట్టు గుర్తుంటుంది.

ఆ పుస్తకంలో పున్నమి దీపాల కొండ ఉంది. రాజభవనం ద్వారానికి ఎదురుగా కొయ్యతో, రంగు పట్టుతో కట్టిన కొండ అది. పైన దేవతల కథలు బొమ్మలుగా పెట్టారు. కుడి ఎడమల మంజుశ్రీ, సమంతభద్రుడు, ఇద్దరూ మన దేశం నుంచి అక్కడికి వెళ్లిన బోధిసత్త్వులే. ఒకరు సింహం మీద, ఒకరు తెల్ల ఏనుగు మీద కూర్చున్నారు. వాళ్ల చేతులు కదిలేవి. అయిదు వేళ్ల కొనల నుంచి నీళ్లు ధారలుగా పడేవి. రాట్నాలతో నీళ్లు తోడి కొండ కొసన కొయ్య తొట్టిలో నింపి, వేళ చూసి వదిలితే జలపాతంలా దూకేవి. పక్కనే రెండు డ్రాగన్లు. గడ్డి మోపులు కట్టి డ్రాగన్ ఒళ్లు తయారు చేసి, పైన నీలిగుడ్డ కప్పి, దాని మీద వేలాది దీపాలు ఒత్తుగా గుచ్చారు. చీకట్లో గడ్డీ కనపడదు, గుడ్డా కనపడదు, రెండు డ్రాగన్లు మెలికలు తిరిగి ఎగురుతున్నట్టే ఉండేదట.

గమనించండి, గడ్డి, గుడ్డ, కొయ్య తొట్టి. వీటిలో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. చక్రవర్తి ద్వారం మీది మేడ నుంచి చూసేవాడు, కింద నేల మీద జనం చూసేవారు. ఎదురుగా ఉన్న బొమ్మ ఇద్దరికీ ఒకటే. ఆ నగరమే లేకుండా పోయాక, దేశం విడిచి వచ్చిన ముసలివాడికి గడ్డి డ్రాగన్ గుర్తుండిపోయింది.

దక్షిణాదికి చేరిన సోంగ్ రాజులు హాంగ్‌జౌలో కొత్త రాజధాని పెట్టుకున్నారు. అక్కడ రెండు ముచ్చట్లు చెప్పి ముందుకు వెళతాను. ఒకటి, లాంతరు మీద పొడుపుకథ రాసి వేలాడదీసే అలవాటు. విప్పినవాళ్లకు చిన్న బహుమతి ఇచ్చేవారు. ఈనాటికీ చైనా దీపాల పండుగలో ఇది ఉంది. రెండోది, పరుగెత్తే గుర్రం దీపం. కాగితపు లాంతరులో కొవ్వొత్తి పెడతారు. పైన కాగితపు రెక్కల చక్రం ఉంటుంది. కొవ్వొత్తి వేడికి గాలి పైకి లేచి ఆ రెక్కల్ని తోస్తుంది, చక్రం తిరుగుతుంది. దానికి వేలాడే కాగితపు గుర్రాల నీడలు లాంతరు గోడ మీద ఒకదాని వెనక ఒకటి పరుగెడతాయి. ఎవరూ తిప్పనక్కరలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా చిన్నప్పటి తోలుబొమ్మలాట గుర్తొచ్చింది. తెర ముందు కూర్చున్నంతసేపూ హనుమంతుడు నిజం. ఆత్రం ఆపుకోలేక తెర వెనక్కి వెళ్లి చూస్తే ఆముదం దీపం, చెమటలు కక్కుతున్న ఇద్దరు మనుషులు. అయినా మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటే హనుమంతుడు మళ్లీ నిజమే. మీలో ధర్మవరం వైపు వెళ్లేవాళ్లు నిమ్మలకుంట అనే ఊరు చూసే ఉంటారు. అక్కడి బొమ్మలాట కుటుంబాల వారు ఆటకు పిలుపులు తగ్గాక అదే మేకతోలు మీద అదే రంగులతో లాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టారు. తెర పోయింది, దీపం మిగిలింది. చైనాలో ఒక ఊరు కూడా సరిగ్గా ఇలాంటి మలుపే తిరిగింది. ఆ ఊరి దగ్గరికే వస్తున్నాను.

మధ్యలో మింగ్ వంశం కాలం ఉంది. 1409లో యోంగ్లె చక్రవర్తి పండుగకు ఏకంగా పది రోజుల సెలవిచ్చాడు. బీజింగ్ లో లాంతర్ల సంతే వెలిసింది. ఆ సంత పేరు మీద అక్కడ ఒక వీధి ఇప్పటికీ ఉంది, మెట్రో స్టేషను కూడా ఉంది. 1514లో జెంగ్‌ద చక్రవర్తికి ఒక రాజబంధువు వింత వింత లాంతర్లు కానుక పంపాడు. వాటిని స్తంభాలకు, గోడలకు ఆనించి పెట్టారు. ఆవరణలో బాణసంచా మందు నిలవ ఉంది. నిప్పంటుకుని చక్రవర్తి నివాసమైన మహాభవనం కాలిపోయింది. ఆయన దూరం నుంచి వెనక్కి తిరిగి చూసి, ఎంత చక్కని బాణసంచా అని నవ్వాడట. ఇల్లు తగలబడినా నవ్వగలిగింది ఖర్చు తనది కాదు కనక అనుకుంటాను.

ఇప్పుడు ఆ ఊరు. పేరు జిగోంగ్. నైరుతి చైనాలో సిచువాన్ రాష్ట్రంలో ఉంది. సముద్రానికి చాలా దూరం. ఆ దూరమే దాని అదృష్టం. అక్కడ భూమి లోపల ఉప్పునీళ్లున్నాయి. వాటిని అందుకోవడానికి ఆ ఊరివాళ్లు బావులు తవ్వలేదు, దొలిచారు. వెదురు పేనిన మోకుకు ఇనుప ఉలి కట్టి, ఏతం తొక్కినట్టు మనుషులు పలక మీద తొక్కుతూ ఉలిని పైకెత్తి వదిలేవారు. రోజులూ నెలలూ కాదు, ఏళ్ల తరబడి. 1835లో షెన్‌హాయ్ అనే బావి ఇలా 1001 మీటర్ల లోతుకు దిగింది. ప్రపంచంలో వెయ్యి మీటర్లు దాటిన మొదటి బావి అదేనంటారు. ఆవిరియంత్రం లేదు, కరెంటు లేదు. దున్నపోతులు గానుగ తిప్పినట్టు తిప్పితే ఉప్పునీళ్లు వెదురుగొట్టంలో పైకొచ్చేవి. అదే బావిలోంచి వచ్చే గ్యాసును వెదురు గొట్టాల్లో పట్టి, పొయ్యి కింద మండించి, ఆ నీళ్లనే కాచేవారు. కాగే నీళ్లలో సోయా పాలు పోస్తే మడ్డి తెట్టుగా కట్టి పైకి తేలేది, తీసిపారేసేవారు. మన ఇళ్లలో బెల్లప్పాకంలో పాలు పోసి మలినం తీయడం మీలో పెద్దవాళ్లకు తెలుసు. ఉప్పు వ్యాపారం చేసిన దూర ప్రాంతాల వర్తకులు ఆ ఊళ్లో సత్రాల్లాంటి భవంతులు కట్టుకున్నారు. షాన్‌షీ వర్తకులు 1736 నుంచి పదహారేళ్లు కట్టిన భవనంలో ఇప్పుడు ఉప్పు చరిత్ర మ్యూజియం ఉంది. 1939లో, జపాను యుద్ధం రోజుల్లో, సముద్రపు ఉప్పు అందక దేశమంతా ఈ బావుల వైపు చూస్తున్నప్పుడు, రెండు ఉప్పు పేటల్ని కలిపి జిగోంగ్ నగరంగా ఏర్పాటు చేశారు.

వెదురు చీల్చడం, మోకులు పేనడం, వంద మీటర్ల ఎత్తుకు కొయ్య దూలాలు కట్టి నిలబెట్టడం, ఇవి ఆ ఊరి చేతుల్లో ఉన్న విద్యలు. కొత్త సంవత్సరానికి లాంతర్లు కట్టడం ఆ చేతులకు ఒక లెక్కా? 1964లో ఆ ఊరు మొట్టమొదటి పెద్ద దీపాల ప్రదర్శన పెట్టింది. రెండేళ్లు దాటగానే సాంస్కృతిక విప్లవం వచ్చింది. పాత ఆచారాలు, పాత అలవాట్లు అన్నీ పోవాలన్నారు. డ్రాగన్లూ దేవతలూ అటకెక్కారు. ఆ గాలి తగ్గాక మళ్లీ దీపాలు వెలిగాయి. 1987లో అంతర్జాతీయ ఉత్సవంగా పేరు పెట్టి జరిపారు. అదే ఏడాది ఆ ఊళ్లో రాక్షసిబల్లుల మ్యూజియం కూడా తెరిచారు. అక్కడి భూమిలో ఉప్పుతో పాటు రాక్షసిబల్లుల ఎముకలూ దండిగా ఉన్నాయి. అందుకని జిగోంగ్ దీపపు బొమ్మల్లో డ్రాగన్ పక్కనే రాక్షసిబల్లి నిలబడుతుంది. రెండింటినీ చూసిన పిల్లలకు ఏది నిజమో, ఏది కల్పనో పట్టింపు ఉండదు.

ఈ పనివాళ్ల తెలివి చూడండి. ఇంజెక్షను మందు వాడి పారేసిన చిన్న గాజు సీసాలు ఏరి, రంగు నీళ్లు నింపి, లోపలి నుంచి దీపం వేసి నెమలి పింఛం చేశారు. పట్టుపురుగుల గూళ్లను గుచ్చి జంతువుల బొచ్చు చేశారు. పళ్లాల డ్రాగన్ సంగతి ముందే చెప్పాను. ఇంట్లో, ఆస్పత్రిలో, పొలంలో దొరికే వస్తువే కావాలి. చూసేవాడు దూరం నుంచి డ్రాగన్ అని దగ్గరికొచ్చి, ఇది మనింటి పళ్లెమే అని నవ్వాలి. గడ్డి మోపులతో డ్రాగన్ కట్టిన కైఫెంగ్ వాళ్ల బుద్ధే ఇది. ఎనిమిది వందల ఏళ్లు గడిచినా మారలేదు.

1990లో ఈ దీపాలు సింగపూర్ వెళ్లాయి. తర్వాత దేశదేశాలకు వెళ్లాయి. 2008లో చైనా ప్రభుత్వం జిగోంగ్ దీపోత్సవాన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో లండన్ లోని చిజ్విక్ తోటలో, అమెరికాలో ఫిలడెల్ఫియాలో, 2017 చివర ఫ్రాన్సులో గయాక్ అనే చిన్న పట్టణంలో ఇవి వెలిగాయి. షాంఘైలో యూయువాన్ అనే పదహారో శతాబ్దపు తోటలో 1995 నుంచి ఏటా దీపోత్సవం జరుగుతోంది. అక్కడ ఇటీవల, కొండలూ సముద్రాల గ్రంథమనే రెండువేల ఏళ్ల నాటి పుస్తకంలోని వింత జంతువుల్ని దీపాలుగా నిలబెట్టారు. తొమ్మిది తోకల నక్క, ఒంటికన్ను ఒంటిరెక్క పక్షి. ఆ పక్షి జత దొరికితేనే ఎగరగలదు. 2023 డిసెంబరులో అవే బొమ్మలు పారిస్ లోని ఒక పిల్లల పార్కుకు వెళ్లాయి. కర్ణాటకలో ఉన్న శ్రోతలకు ఇదేమంత వింత కాదు. రెండు తలల గండభేరుండం మీకు ప్రతి ప్రభుత్వ కాగితం మీదా కనిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ నాకొక మాట చెప్పాలనుంది. చాంగాన్ లో ఆ మూడు రాత్రులకు టికెట్టు లేదు. ఇప్పుడు చాలా చోట్ల ఉంది, విదేశాల్లో కూడా. వీధిలో వెలిగినది ప్రహరీ లోపలికి వెళ్లింది. ఒకప్పుడు పేట గోడ దాటి రావడమే పండుగ అయిన చోట, ఇప్పుడు గోడ లోపలికి వెళ్లడానికి డబ్బిస్తున్నారు. మరో పక్క, ఆ డబ్బే లేకపోతే ఉప్పు బావుల ఊళ్లో ఇన్ని వేల చేతులకు పని ఎక్కడిది? వెల్డింగ్ చేసేవాడు, గుడ్డ అతికే ఆమె, రంగు చల్లేవాడు జట్టుగా కట్టకట్టుకుని నెలల ముందే పరాయి దేశం చేరతారు. సొంత ఊళ్లో పండుగ రాత్రి వాళ్లలో కొందరు పరాయి పార్కులో కాలిన బల్బు మారుస్తూ ఉంటారు. యాన్ తింగ్‌జి ఈ రోజుల్లో ఉంటే ఏం రాసేవాడో నేను చెప్పలేను. నాకు మాత్రం టికెట్టు మీద కోపం, పనివాడి మీద అభిమానం రెండూ ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి చెరపడం లేదు.

ఈ దీపపు బొమ్మల గుంపులో ఒక పసివాడున్నాడు. ఆయన్ని మీకు పరిచయం చేయకుండా సెలవు తీసుకోలేను. రెండు పిలకలు, చేతిలో ఈటె, భుజాన వలయం, ఎర్రటి ఉత్తరీయం, కాళ్ల కింద గిర్రున తిరిగే రెండు నిప్పు చక్రాలు. పేరు నజా. చైనాలో పిల్లలందరికీ చుట్టం. తల్లి కడుపులో మూడేళ్ల ఆరు నెలలు ఉన్నాడు. ఏడేళ్లప్పుడు సముద్రంలో స్నానం చేస్తూ ఉత్తరీయం జాడిస్తే కడలి అడుగున నాగరాజు భవనం ఊగిపోయింది. నిలదీయడానికి వచ్చిన నాగరాజు కొడుకును కొట్టి చంపాడు. తండ్రితో తగువు వచ్చి తన ఒళ్లు తల్లిదండ్రులకే తిరిగిచ్చేసి, తామరపూవులో మళ్లీ పుట్టాడు. మింగ్ కాలపు నవలల్లో ఈ కథ నిలిచింది. 2025 జనవరి 29న విడుదలైన ఈ పసివాడి రెండో కార్టూన్ సినిమా, ప్రపంచంలో ఏ కార్టూన్ సినిమాకూ రానంత డబ్బు చేసుకుంది.

నీళ్లలో మహాసర్పాన్ని మర్దించిన అల్లరి పిల్లవాడు. మీకు ఎవరో గుర్తొచ్చే ఉంటారు. ఆ పోలిక పండితులకూ తట్టింది. అయితే పేరు మాత్రం కృష్ణుడిది కాదు. నజా అన్నది నలకూబరుడి పేరు. బౌద్ధ గ్రంథాలు సంస్కృతం నుంచి చైనా భాషలోకి వెళ్లినప్పుడు ఆ పొడుగాటి పేరును అక్షరం అక్షరం అక్కడి పలుకుబడిలో రాసుకున్నారు, వాడగా వాడగా మొదటి రెండు అక్షరాలు మిగిలాయి. నలకూబరుడు కుబేరుడి కొడుకు. నజా తండ్రిగా అక్కడివారు చెప్పే, అరచేతిలో గోపురం పట్టుకున్న దేవుడు, మన వైశ్రవణుడు, అంటే కుబేరుడే. ఈ తండ్రీకొడుకుల మంత్రగ్రంథాలను చైనా భాషలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు ఎనిమిదో శతాబ్దపు అమోఘవజ్రుడు. ఆయన గురువు వజ్రబోధి దక్షిణాది మనిషి, కంచి పల్లవ రాజు ఆదరణ పొందినవాడు, ఓడెక్కి సముద్రం మీదుగా చైనా చేరినవాడు. తమిళనాట వింటున్న శ్రోతలారా, కంచి మీకెంత దూరం?

మనకు నలకూబరుడు రెండు చోట్ల బాగా తెలుసు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో రంభతో కలిసి విమానంలో తిరిగే సుందరుడు. భాగవతంలో నారదుడి శాపం తగిలి తమ్ముడు మణిగ్రీవుడితో కలిసి మద్దిచెట్టయినవాడు. అల్లరి చేశాడని యశోద రోటికి కట్టేస్తే, చిన్ని కృష్ణుడు ఆ రోలు ఈడ్చుకుంటూ వెళ్లి జంట మద్దుల మధ్య దూరాడు. చెట్లు కూలాయి, నలకూబరుడికి శాపం తీరింది. మన కథలో ఇంతటితో ఆయన పని అయిపోయింది, మళ్లీ ఎక్కడా పెద్దగా వినపడడు. చైనాలో మాత్రం ఆయనే పసివాడై, కృష్ణుడి అల్లరి కూడా కొంత తన పేరున రాయించుకుని, వీధి వీధినా వెలుగుతున్నాడు.

చివరగా చ్వాన్‌జౌ. చైనా ఆగ్నేయ తీరంలోని పాత రేవుపట్నం. 1281లో అక్కడ స్థిరపడిన తమిళ వర్తకులు ఒక శివాలయం కట్టించారు. తమిళంలోను, చైనా భాషలోను చెక్కిన దాని శాసనం దొరికింది. ఆ గుడి తర్వాత కూలిపోయింది. రాళ్లు చెల్లాచెదురయ్యాయి, కొన్నిటిని ఊళ్లోని కైయువాన్ అనే బౌద్ధాలయం మరమ్మతుల్లో వాడుకున్నారు. ఆ ఆలయం వెనక వైపు రెండు స్తంభాలున్నాయి. వాటి మీద నరసింహుడున్నాడు, కాళీయుణ్ణి తొక్కుతున్న కృష్ణుడున్నాడు. ఒక పలకలో రోలు ఈడ్చుకుంటూ రెండు చెట్ల మధ్య పాకుతున్న పసివాడున్నాడు. చెక్కినవాళ్లకు అది యమళార్జున భంజనం. చూసే ఊరివాళ్లలో చాలామందికి ఆ కథ తెలియదు.

చ్వాన్‌జౌ లాంతర్లకు చైనా అంతటా పేరు. అక్కడ ఒక రకం లాంతరుకు చట్రమే ఉండదు. దళసరి కాగితం మీద సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, ఆ ముక్కల్నే అతికిస్తారు. లోపల దీపం పెడితే రంధ్రాల్లోంచి వచ్చిన వెలుగే బొమ్మవుతుంది. పదిహేనో రాత్రి ఆ లాంతర్లు ఊరి వీధుల్లో వరసగా వేలాడతాయి. ఏ పిల్లవాడి చేతిలోనో నిప్పు చక్రాల మీద నిలబడ్డ నజా ఉంటాడు. గుడి వెనక రాతి మీద, ఆ నజాయే ఇంకా మద్దిచెట్టుగా కృష్ణుడి కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.